చిలుకమ్మ ఆగిన మాట

మా చిలుకమ్మ జీవితంలో మొదటి ఘనకార్యం, మా చర్చిలో ప్రతి ఆదివారం అందరం కలిసి చెప్పే పరలోక ప్రార్థన మొత్తం నోటికి రావడం. వర్ధన్నపేట దగ్గరి మా ఊళ్లో 1974లో జరిగిందది. అక్షరం రాని కూలి మనిషి, నలభై దాటిన వయసు. నాటు వేస్తూ ఒక మాట, కలుపు తీస్తూ ఒక మాట పట్టుకున్నది. నేర్పింది నేనే. ఊరి బడిలో ఐదో తరగతి పాసై, సంఘపెద్దగా నిలబడి, గుడికి రేకుల కప్పు వేయించినవాణ్ణి. ఈ పని కూడా నా పేరు మీదనే చెప్పుకుంటాను.

నేర్చుకున్నాకనే తిప్పలు మొదలయ్యాయి. మాకు కీడు చేసినవాళ్లను మేము క్షమించినట్టే మమ్మల్ని క్షమించమని అడిగే మాట ఒకటి అందులో ఉంది కదా. మేమంతా ఆ మాట మీదుగా, చిన్న స్టేషన్లో ఆగని డోర్నకల్ గూడ్సు బండి లాగా దూసుకుపోతాం. చిలుకమ్మ మాత్రం అక్కడ నోరు మూసుకునేది. మేము తర్వాతి మాటకు వచ్చాక మళ్లీ అందుకునేది.

"మరిచిపోయినవా చెల్లె?" అని అడిగాను.

"యాదికున్నదన్నా. నేను పోశవ్వను మాఫ్ చెయ్యలేదు గద. చేసిన అని దేవునితోని అబద్ధం ఎట్ల చెప్పాలె?"

"మేమందరం చెప్తలేమా?"

"మీరు పెద్దోళ్లు. మీకు చెల్లుతది."

పోశవ్వది చిలుకమ్మ పక్కిల్లు, గోడకు గోడ. మా సంఘం మనిషి కాదు, పోచమ్మకు బోనం ఎత్తే ఇల్లు. ఒకసారి కోడి కనిపించకపోతే, బోరింగు దగ్గర నలుగురిలో చిలుకమ్మ కొంగు పట్టి గుంజి, కోడిదొంగ అన్నది. కొన్నాళ్లకు ఆ కోడి గడ్డివాము చాటు నుంచి పిల్లలను వెంటేసుకుని దర్జాగా దిగింది. పోశవ్వ తప్పయిందని అనలేదు. పండుగకు ఆ కోడినే కూర వండుకు తిన్నది. సాక్ష్యం కూడా లేకుండా పోయింది.

చిలుకమ్మ ఆ మాట దగ్గర పదేళ్లు ఆగింది. క్షమాపణ మీద పాస్టరుగారు గొప్ప ప్రసంగం చేస్తే శ్రద్ధగా విన్నది, బాగున్నదని కూడా అన్నది. తర్వాతి ఆదివారం మళ్లీ అక్కడే ఆగింది.

ఈ 1984 ఫిబ్రవరిలో పోశవ్వ వాకిట్లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నది. మొగడు లేడు, పిల్లలు లేరు. ఊరివాళ్లు జీపులో వరంగల్ దవాఖానకు చేర్చి తిరిగొచ్చారు. దగ్గరుండి చూసుకునే మనిషి ఉంటేనే ఆపరేషన్ అన్నారక్కడ. ఆపరేషన్ కాకపోతే ఆమె ఇక మంచం దిగదు.

పొరుగువాళ్ల కోసం ప్రార్థించడంలో మా సంఘాన్ని మించింది చుట్టుపక్కల లేదు. బుధవారం కూటంలో ఆమె కోసం మోకాళ్లు అరిగేదాకా ప్రార్థించాం. మా కోశాధికారి దేవదానం ఎముకలను చేసిన దేవుణ్ణి స్తుతించి, డాక్టర్లను, నర్సులను, కాంపౌండర్లను, ఆఖరుకు ఆ మంచాన్ని కూడా దీవించాడు. "ఆమె దగ్గరికి ఒక మనిషిని పంపు ప్రభువా" అని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆమెన్ అని లేచి అందరం చెప్పులు వెతుక్కుంటున్నాం.

"మరి ఎవలు పోతాండ్లు?" అన్నది చిలుకమ్మ.

దేవదానం కళ్లు తుడుచుకున్నాడు. "దేవుడే ఎవలనో ఒకలను లేపుతడక్కా. ప్రార్థనల పెట్టినం గద."

"అందరం లేసే ఉన్నం గదరా!"

నేనే పోదును, అది ఆడవాళ్ల వార్డయింది.

మర్నాడు బస్సు దగ్గర చూస్తే చిలుకమ్మ చంకలో పిడికెడు బియ్యం ముంత. మా ఆడవాళ్లు అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి, ప్రార్థన చేసి, వేరే ముంతలో వేస్తారు. ఆదివారం గుడికి తెస్తారు. ఇంట్లో పస్తున్నా ఆ ముంతలో చెయ్యి పెట్టరు. దేవదానం పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, అవి దేవుని బియ్యమే!"

"ఎరుకేరా. దేవుడు ఈ నెల దవాఖానల ఉంటాండు. ఆడనే వండిపెడత."

"పోశవ్వను మాఫ్ చేసినవా మరి?" అన్నాను నేను.

"ఏడ చేసిన అన్నా! కోపం అట్లనే ఉన్నది. అది తగ్గేదాక కూసుంటె దాని కాలు ఆగుతదా?"

బస్సు కదిలింది. మేము చేతులెత్తి దీవించాం. ఆ పనిలో మాకు మంచి అనుభవం.

మొన్న మిరపకాయ అమ్మడానికి వరంగల్ పోయినప్పుడు చూసొచ్చాను. ఆపరేషన్ అయింది. పోశవ్వ దిండుకు ఆనుకుని, గంజిలో ఉప్పు లేదని చిలుకమ్మను తిడుతోంది. దీపాలు పెట్టే వేళకు చిలుకమ్మ మంచం పక్కన నిలబడి పరలోక ప్రార్థన మొదలుపెట్టింది. నేను ఆ మాట కోసం చెవి పెట్టాను. ఆగలేదు. బురదలో బండిని నెట్టినట్టు, బలవంతాన ఆ మాటను నెట్టుకుంటూ దాటింది.

"జర మెల్లగ చదువుకో, నిద్రపట్టనియ్యవు," అన్నది పోశవ్వ. గంజి గిన్నె పక్కకు జరిపి, "ఆ కోడిపిల్లలల్ల ఒకటి నీకిద్దామనుకున్ననే అప్పుడు."

"ఇయ్యలే గద."

"అనుకున్న అంటాన గద!"

"మా దేవదానం తీరుగనే ఉన్నవు. తాగు గంజి."

సంఘంలో ఈ సంగతి చెప్పగానే దేవదానం తన ప్రార్థన ఫలించిందని సాక్ష్యమిచ్చాడు. కృతజ్ఞత కూటం ఏర్పాటు చేశాం; పాటలు, ప్రసంగం అన్నీ ఖాయమయ్యాయి. పోశవ్వను బస్సు దగ్గర నుంచి ఇంటిదాకా మంచం మీద మోయడానికి నలుగురు మనుషులు కావాలని చిలుకమ్మ కబురు పెట్టింది. ప్రస్తుతం దాని కోసం ప్రార్థిస్తున్నాం. వాళ్లిద్దరూ వచ్చేది మార్చి పదిహేడు, శనివారం, మధ్యాహ్నం బస్సుకు.