మాక్ డ్రిల్ మధ్యలో ఒక నిజం కాల్

2022లో, ఈశాన్య వానలు ఇంకా పూర్తిగా పట్టుకోని రోజుల్లో జరిగింది ఇది. అప్పుడు నేను పోలీస్ కంట్రోల్ రూమ్‌లో కాల్ టేకర్‌ని. ఆపదలో ఉన్నవాళ్లు ఫోన్ చేస్తే మొదట ఎత్తేది, ఏమైంది, ఎక్కడ అని అడిగి, బండ్లు పంపే డిస్పాచ్ వాళ్లకు అందించేది మేమే. మాది తమిళనాడు. రోజూ కోవిల్‌పట్టిలో రైలెక్కి విరుదునగర్‌లో దిగేదాన్ని. నలుగురిలో నోరు విప్పలేని నాకు, హెడ్‌సెట్ పెట్టుకుని ఒక్కరితోనే మాట్లాడే ఈ పని బాగానే కుదిరింది.

ఆ రోజు మాక్ డ్రిల్. వరద వచ్చినట్టు నటించి, మేమెంత సిద్ధంగా ఉన్నామో చూసుకోవడం. నడిపించడానికి పెద్ద నగరం నుంచి ఒక అధికారి వచ్చారు. మామూలుగా డ్రిల్ కాల్ చేసేవాళ్లు "ఇది అభ్యాసం" అని ముందే చెప్పాలి. ఆయన వద్దన్నారు.

"ముందే తెలిస్తే కాఫీ తాగుతూ రాసుకుంటారు. నగరంలో మేమిట్లాగే చేస్తాం. ఏ కాల్ వచ్చినా నిజమనే ఎత్తండి."

ఏది నటనో మాలో సూపర్‌వైజర్ సెల్వి మేడంకు మాత్రమే తెలుసు. తాళ్లు, రబ్బరు పడవ, లైఫ్ జాకెట్లతో రక్షణ దళం శివకాశి రోడ్డు పక్కన ఒక చెరువు దగ్గర ఎదురుచూస్తోంది.

మధ్యాహ్నం దాటాక నా లైన్ మోగింది. ఒక పెద్దావిడ తమిళంలో చెబుతోంది. టపాసుల ఫ్యాక్టరీ నుంచి ఆడవాళ్లను ఇళ్లకు దించే వ్యాన్, రైలు కట్ట కింది సబ్‌వేలో నీళ్లలో ఆగిపోయిందట. తలుపు తెరుచుకోవడం లేదట. మా కిటికీ బయట ఎండ కాస్తోంది. నా వెనక నిలబడి వింటున్న మేడం నెమ్మదిగా అన్నారు, "సబ్‌వేలో వ్యాన్ మన డ్రిల్‌లో ఉన్నదే. అట్లాగే రాసి పంపు."

నేను టైప్ చేయడం మొదలుపెట్టాను. అంతలో ఆవిడ ఫోన్ పక్కకు తిప్పి ఎవరినో కసిరింది.

"ఒసే మారీ, సీటు మీదికెక్కవే. కడుపుతో ఉండావు, నీళ్ళలో నిలబడ్తావేమే!"

అది తెలుగు. మా ఇళ్లలో మాట్లాడే తెలుగు. నా వేళ్లు ఆగిపోయాయి.

మా వైపు తెలుగు ఇళ్లలో ఈ భాష గడప దాటదు. బడిలో, బస్సులో, ఆఫీసులో అందరం తమిళమే. రాయడం చాలామందికి రాదు, నేనైతే పుస్తకాల మీది ఇష్టంతో సొంతంగా నేర్చుకున్నాను. డ్రిల్ కోసం ఎవరైనా మాటలు రాసిస్తే తమిళంలోనే రాస్తారు. పోలీసుకు ఫోన్ చేసి నటించే మనిషి పక్కదాన్ని తెలుగులో తిట్టదు.

"మేడం, ఇది డ్రిల్ కాదు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను.

"ఎట్లా చెప్తున్నావు?"

"ఆవిడ తెలుగులో అరిచింది. మా ఇంట్లో మాట్లాడేది అదే."

గదిలో అందరూ నా వైపు తిరిగారు, నగరం నుంచి వచ్చిన అధికారి కూడా. ముఖం వేడెక్కింది. ఆ లైన్ రికార్డవుతోందని తెలిసే ఇంటి భాషలో అడిగాను.

"పెద్దమ్మా, యాడ ఉండారు? ఏ ఊరి పక్క?"

"మనోళ్ళ పిల్లవా తల్లీ?" ఆవిడ గొంతు మారిపోయింది. "తాయిల్‌పట్టి దాటినాము. ఈడ వాన కుమ్మేసె. నీళ్ళు సీటు దాకా వచ్చె."

మేడం డ్రిల్ కాగితం ఒకసారి చూసి పక్కన పడేశారు. "మన డ్రిల్ వ్యాన్ ఇంకో దిక్కున కదా ఉండాలి," అంటూ అధికారి వైపు చూశారు. ఆయన వెంటనే మైక్ అందుకుని డ్రిల్ ఆపమన్నారు. చెరువు దగ్గరి దళాన్ని ఉన్న సామానుతో ఉన్నట్టే అటు మళ్లించారు.

వాళ్లు చేరేదాకా ఆ లైన్ నాది.

"వెనక అద్దం పగలగొట్టి పైకెక్కండి పెద్దమ్మా."

"డ్రైవరు వద్దంటాడే. ఓనరు తిడతాడంట."

"పోలీసు చెప్పిందని చెప్పండి."

"ఒరే, పోలీసు చెప్పిందంటరా, కొట్టరా!" అటు నుంచి జాకీ రాడ్ దెబ్బలు వినిపించాయి. తర్వాత కేకలు. "ముందు మారిని ఎక్కించండి" అని నేను అంటూనే ఉన్నాను. ఆవిడ విన్నదో లేదో, లైన్ తెగిపోయింది.

అప్పుడు చేయడానికి నాకేమీ లేదు. అదే అన్నిటికంటే కష్టం. చాలాసేపటికి డిస్పాచ్ వైర్‌లెస్‌లో దళం వాళ్ల మాట వచ్చింది. వ్యాన్ టాప్ మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, తాళ్లతో అందరినీ గట్టుకు చేర్చారు, కడుపుతో ఉన్న అమ్మాయి బాగుంది, ఆసుపత్రి వద్దు, టీ కావాలంటోంది. సెల్వి మేడం కుర్చీలో కూలబడి నవ్వారు. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం అధికారి డ్రిల్ గురించి మాట్లాడతారనుకున్నాం. ఆయన ఒక్కటే అడిగారు. "ఈ గదిలో ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లు ఇంకెవరున్నారు?"

మెల్లగా చేతులు లేచాయి. ఒకామెది కన్నడం. ఒకతనిది సౌరాష్ట్ర భాష. నా పక్క సీటులో ఏడాదిగా కూర్చుంటున్న హెడ్ కానిస్టేబుల్ అన్న కూడా చెయ్యెత్తాడు.

"తెలుగే," అన్నాడు తల వంచుకుని. తర్వాత నా వైపు వంగి, ఇంటి మాటల్లో, "ఇన్నాళ్లు పక్కనే ఉండావు, ఒక మాట చెప్పకూడదామ్మా?"

"మీరు మాత్రం చెప్పినారా అన్నా?"

పడవలు, తాళ్లు, బండ్లు ఎన్ని ఉన్నాయో మేమెప్పుడూ చూసుకునేవాళ్లం. మాలో ఎవరికి ఏ భాష వచ్చో ఆ రోజుదాకా ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. ఆ వారమే ఒక్కొక్కరి సీటు ముందు వారికి వచ్చిన భాషలు రాసి అంటించారు. నా సీటు ముందు "తెలుగు" అన్న మాట తమిళ అక్షరాల్లో ఉంది. కింద చిన్నగా తెలుగులోనూ రాసుకున్నాను. ఎవరూ తీసేయలేదు.