ఎర్త్ బోల్టుకు పెట్టిన పసుపు

మా చెల్లెలు సుజాతకు పులివెందులలో ఒక ప్రైవేటు బడిలో పదకొండు గంటలకు టీచరు ఇంటర్వ్యూ. మూడేళ్ల తర్వాత వచ్చిన మొదటి పిలుపు. "బస్సులో పోతాలేన్నా, ఆడోళ్లకు టికెట్టు గూడా లేదు," అంది. "కారుండగా బస్సేంది?" అన్నాను. ఆ మాటలో చెల్లెలి మీద ప్రేమకన్నా కారు మీద గర్వమే ఎక్కువ.

ఏడున్నరకు ప్రొద్దుటూరు వదిలి, ఎనిమిదింబావుకు జమ్మలమడుగులో ఇడ్లీకి ఆగాం. తిని వచ్చి తాళం తిప్పితే స్టార్టరు తిరిగింది గాని ఇంజను అందుకోలేదు.

దగ్గరి షెడ్డు నుంచి మస్తాన్ అనే మెకానిక్ వచ్చాడు. "దసరాకు ముందు ప్రొద్దుటూరులో పెట్రోలు పంపు మార్పించినా. డూప్లికేటు ఏసినట్టుండాడు," అని అక్కడ లేని మనిషి మీద నేరం మోపాను. మస్తాన్ నన్ను తాళం తిప్పమని, కింద పంపు ఉండే వెనక సీటుకు చెవి ఆనించాడు. "పంపు గుయ్యిమనలేదప్పా." ఫ్యూజు చూశాడు, రిలే మార్చాడు. తొమ్మిదింబావు అయింది. సుజాత సర్టిఫికెట్ల సంచి తీసుకుంది. "నువ్వు కారును చూసుకోన్నా," అని పులివెందుల బస్సెక్కింది.

మస్తాన్ సీటు ఎత్తి టెస్టు బల్బు పెట్టాడు. "కరెంటు వస్తాంది, ఎర్త్ లేదు." ఎర్త్ వైరు బోల్టు విప్పితే, కింద పసుపూ తుప్పూ కలిసి పెచ్చుకట్టి ఉన్నాయి.

"ఇదెవరు పూసినారప్పా?"

నేనే. ఆయుధపూజనాడు ఒక్క బోల్టుకు కూడా తక్కువ చేయకూడదని, దాన్నీ విప్పి, తడి పసుపు పెట్టి బిగించాను.

"పూజ జేసుకో, వద్దన్ను. బానెట్టు మీద శానా జాగా ఉంది గదా."

గరుకు కాగితంతో గీకి బిగించగానే పంపు గుయ్యిమంది. నేను పులివెందుల చేరేసరికి పదకొండున్నర. ఒంటిగంటకు సుజాత బయటికి వచ్చింది. "సోమవారం నుంచి రమ్మన్నారు." నా కారు వైపు ఒకసారి చూసి, బస్టాండుకు నడిచింది.

బస్సు వెనకే తొండూరు దాకా ఖాళీ కారు నడిపాను. అక్కడ ఆమె దిగివచ్చి కారెక్కింది. "నువ్వు ఇడవకుండా ఎనకే వస్తాంటే బస్సులో అందరూ పెండ్లికారేమో అనుకుంటాండారు. సిగ్గైతాంది."

ఈ దారిన వచ్చేవారికి చెప్పదగ్గది ఒకటే: బస్సులు వేళకు దొరుకుతాయి. ముద్దనూరులో టీకి ఆగి తాళం మీద చెయ్యి వేశాను. "ఆపొద్దున్నా," అంటూ సుజాత దిగి, నా టీ కారు దగ్గరికే తెచ్చి ఇచ్చింది. ఇంజను నడుస్తుండగానే తాగాను.