బాపు కట్టిన గుట్ట

ఆ రోజుల్లో మాకు గుట్టలంటే దేవుడు పెట్టినవీ కావు, భూమిలోంచి పొడుచుకొచ్చినవీ కావు, డంపర్లు పోసినవి. మీరు నవ్వుతారని తెలుసు. కానీ గోదావరిఖనిలో పుట్టి, ఓపెన్‌కాస్టు గని పక్క బస్తీలో పెరిగిన పిల్లగాడు ఇంకేమనుకుంటాడో మీరే చెప్పండి. బొగ్గు మీదున్న మట్టినంతా తవ్వి, ఇంటికంటే పెద్ద డంపర్లకు ఎత్తి, తెచ్చి ఊరి పక్కన కుమ్మరిస్తుంటే మా కళ్ల ముందే గుట్ట లేచింది. నేను పలక పట్టుకునే నాటికి అది మా రేకుల ఇంటి ఎత్తు ఉండేది. నాకు మీసం మొలిచే వేళకు సూర్యుడు దాని వెనకాలే మునగడం మొదలుపెట్టాడు. (మా ఇద్దరిలో అదొక్కటే సరిగ్గా ఎదిగిందని మా అమ్మ వచ్చినవాళ్లకల్లా చెప్పేది.)

అందుకే తొమ్మిదో తరగతిలో భూగోళం మేడం "గుట్టలు ఎలా ఏర్పడతాయో ఎవరైనా చెప్పండి" అని అడిగినప్పుడు నేను చెయ్యెత్తాను. మంచినీళ్లకు తప్ప ఆ చెయ్యి అంతకుముందు లేచింది లేదు. "డంపర్లు పోస్తె ఏర్పడతయి మేడం. మూడు షిఫ్టులు పోస్తె జల్ది ఏర్పడతయి" అన్నాను. క్లాసులో ఒక్కడూ నవ్వలేదు. సగం మంది అవునన్నట్టు తలకాయలు కూడా ఊపారు. పాలమూరు వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన మేడం మాత్రం సుద్దముక్క పైకెత్తినది ఎత్తినట్టే నిలబడి, "మరి రామగిరి ఖిల్లా గుట్టో?" అంది. నేను బాగానే ఆలోచించాను. "అది ఏ కంపెనీ పోసిందో తెల్వది మేడం. మా తాతల కాలంది కావచ్చు."

ఇంకొకరైతే బెత్తం తీసేవారు. ఆమె పాఠం తీసింది. ఎండకు రాయి వేడెక్కడం, రాత్రికి చల్లబడడం, అలా అలా పగుళ్లు బారడం, ఆ పగుళ్లలోకి నీళ్లు, నీళ్ల వెంట వేళ్లు దూరి బండను విప్పెయ్యడం, దాన్ని శిలాశైథిల్యం అంటారని చెప్పింది. అలా విడిపోయినదాన్ని వాన, గాలి, వాగు ఎత్తుకుపోవడం క్రమక్షయమట. (మొదటిమాట పలకబోయి నా నాలుక ఆ రోజే కొంత శైథిల్యమైంది.) ఎంత కొమ్ములు తిరిగిన గుట్టయినా అరుగుతూనే ఉంటుందని, కాకపోతే లక్షల సంవత్సరాలు పడుతుందని చెప్పింది. బడి విడిచాక నేను మా గుట్ట దగ్గరికి పోయి చూశాను. నిజమే. వాన నీళ్లు పైనుంచి కిందిదాకా గీరి కాలువలు తీశాయి. కొట్టుకొచ్చిన మట్టి అడుగున విసనకర్రలా పరుచుకుని ఉంది. పుస్తకంలో ఉన్నది కిటికీ బయట కూడా ఉండడం నా చదువులో అదే మొదటిసారి. పుస్తకాల్లో ఇన్నాళ్లూ నిజాలు రాస్తున్నారని నాకెవరూ చెప్పలేదు.

ఇక్కడ నా చదువు సంగతి కొంచెం చెప్పాలి. అది అప్పటికే పెచ్చులూడుతోంది. సోషల్ పరీక్షల్లో నాకు వచ్చే మార్కులు చూసి హెడ్‌మాస్టరు మా బాపును పిలిపించి, ఈ యేడు కూడా ఫెయిలైతే మళ్లీ ఇదే క్లాసులో కూర్చోబెడతానన్నాడు. చిన్న పిల్లలతో కలిసి మళ్లీ అదే బెంచీ మీద కూర్చునేది లేదని, చౌరస్తాలో బావ టైర్ల దుకాణంలో పనికి పోతానని నేను ఇంట్లో ప్రకటించాను. బాపుకు ఆ మాట మింగుడు పడలేదు. ఆయన బొగ్గుబాయిలో టింబర్ పని చేసేవాడు. అంటే భూమి లోపల గని కప్పు కూలి మనుషుల మీద పడకుండా దాని కింద దుంగలు నిలబెట్టడం. "నేను భూమి కిందికి దిగింది సాలు. నువ్వు పైన కుర్చీల కూసోవాలె, ఫ్యాను కింద" అనేవాడు. ఆయన లెక్కలో చదువంటే ఫ్యానే. అందుకే మేడం నన్ను పిలిచి, "జిల్లా నుంచి ఆఫీసరు గారు వచ్చే ప్రదర్శనకు క్రమక్షయం నమూనా చెయ్యి. అది బాగుంటే ఆయన వేసే మార్కులు కలిసి నీకు సోషల్ గట్టెక్కుతుంది" అన్నప్పుడు, బాపు నా కంటే ఎక్కువ సంబరపడ్డాడు.

నమూనా నేనే చేశాను, ఒట్టు. పాత ట్రంకుపెట్టె మూత తిరగేసి, మా గుట్ట మట్టే తెచ్చి, అందులో పొడిపొడిగా గుట్ట పోశాను. మధ్యలో ఒక వరస బొగ్గుపొడి అందానికి. డాల్డా డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిస్తే అది వాన. ఆ వాన పడగానే గుట్ట ఒంటి మీద కాలువలు పడి, మట్టి జారి, కింద విసనకర్రలా పరుచుకోవాలి. ఒకసారి పోసి చూసుకున్నాను. అచ్చం మా గుట్టే. మళ్లీ పోగు చేసి సర్దుతుంటే బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. గనిలో కప్పు కిందికి పోయేముందు కర్రతో తట్టి చప్పుడు వినడం వాళ్ల అలవాటు. గట్టిగా పలికితే లోపలికి అడుగు పెడతారు, బోలుగా పలికితే వెనక్కి తగ్గుతారు. నా గుట్టను కూడా వేలి కణుపుతో అట్లాగే తట్టాడు. బోలుగా కూడా పలకలేదు. గుప్పెడు మట్టి రాలింది.

"ఇదేందిరా, ముట్టుకుంటెనే రాలుతున్నది?"

"రాలాలె బాపు. వాన పోస్తె కొట్టుకపోవాలె. కొట్టుకపోతెనే మార్కులు."

"కూలితె మార్కులేస్తరా?"

"ఏస్తరు."

"నా సర్వీసుల కూలినందుకు మెమోలు ఇచ్చుడు చూసిన గాని, మార్కులేసుడు సూడలె."

"నిజం బాపు, ఒట్టు."

"నీ ఒట్లు నాకు తెల్వయా. మొన్న లెక్కల పేపరు మేక తిన్నదంటివి." (మేక తిన్నది నిజమే. నేను పెడితేనే తిన్నదన్నది వేరే సంగతి.)

ఇంట్లో ప్రతిదానికీ ఒక హాస్యం ఆడేవాడికి అదే చిక్కు. వాడు నిజం చెప్పిన రోజు కూడా ఇంటిల్లిపాదీ నవ్వి ఊరుకుంటారు. సరిగ్గా నిలబెట్టడం చేతగాక, కూలడానికే కట్టానని కొడుకు కథ చెబుతున్నాడని బాపు అనుకున్నాడు. నేను శని, ఆదివారాలు కమాన్‌పూర్‌లో అమ్మమ్మ దగ్గరికి పోయాను. తిరిగొచ్చేసరికి గుట్ట ఎక్కడిదక్కడే ఉంది, పైన పొడి మట్టి, మధ్యలో బొగ్గు వరస, అన్నీ ఉన్నాయి. ఎత్తబోతే లేవలేదు. "మంచుకు నానిందేమో" అనుకున్నాను. (అది ఎండాకాలం అన్న సంగతి కూడా తట్టలేదు. నా సైన్సు అంతవరకే.) "నువ్వు మొయ్యలేవు, నేనస్త" అని బాపు డ్యూటీకి నాగా పెట్టి, పండుగ చొక్కా తొడుక్కుని, దాన్ని భుజానికెత్తుకుని బడికి వచ్చాడు. తన పని తాను చేసినవాడి నడక అది. నాకు అప్పుడైనా అనుమానం రావాల్సింది.

ఆఫీసరు గారు బల్లలన్నీ చూసుకుంటూ నా దగ్గరికి వచ్చారు. పక్కన మేడం. వెనక గోడకు ఆనుకుని బాపు. నేను గొంతు సవరించుకుని శిలాశైథిల్యం అనే మాటను తడబడకుండా దాటించాను. మేడం ముఖం వెలిగింది. "ఇప్పుడు వాన పడుతుంది" అని డబ్బా ఎత్తాను. వాన పడింది. పైనున్న పొడి మట్టి పలచగా జారింది. మేడం తల ఊపింది. తరువాత దాని కింద నుంచి నున్నగా, బూడిద రంగులో, తడికి మెరుస్తూ సిమెంటు బయటపడింది. ఇంకో డబ్బా పోశాను. నీళ్లు గుట్ట మీద నుంచి జారి, మూత అంచు దాటి ఆఫీసరు గారి బూట్ల మీదికి పోయాయి తప్ప గుట్ట నుంచి ఒక్క రేణువు కదలలేదు. బకెట్టు ఎత్తి కుమ్మరించాను. స్నానం చేయించినట్టయింది, అంతే.

"ఏమీ కాలేదే" అన్నారు ఆఫీసరు గారు.

నేను తలెత్తి చూస్తే గోడ దగ్గర బాపు కనిపించాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లల్లో ఉంది. ఏమీ కాలేదు అన్న మాట ఆయనకు జీవితమంతా అన్నిటికంటే పెద్ద మెప్పు. షిఫ్టు దిగి పైకి వచ్చాక ఎవరైనా "ఏం కాలేదు గద" అంటే "ఏం కాలె" అని చెప్పగలగడం కోసమే ఆయన దుంగలు నిలబెట్టాడు. అటూ ఇటూ నిలబడ్డ మిగతా పిల్లల తల్లిదండ్రుల వైపు తిరిగి, అది మావాడి గుట్టే అన్నట్టు చిరునవ్వు నవ్వుతున్నాడు. "సార్, ఇందులో మా బాపు సిమెంటు కలిపిండు" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అది అంటే నాకు ఇంకో అవకాశం ఇచ్చేవారేమో, మరుసటి రోజు మళ్లీ మట్టి పోసి చూపించేవాణ్నేమో. కానీ ఆ పండుగ చొక్కా ముందర అది అనడం నా వల్ల కాలేదు.

"క్రమక్షయం ఏది బాబూ?" అన్నారు ఆఫీసరు గారు, బూట్లు విదిలించుకుంటూ.

"అయితది సార్. లక్షల ఏండ్లు పడతదని మా మేడమే చెప్పింది. మీరు జల్ది పోకుండా జెర కూసోండ్రి."

గదంతా నవ్వు. ఆఫీసరు గారు కూడా నవ్వారు. అందరికంటే గట్టిగా బాపు నవ్వాడు. నవ్వుతూనే ఆఫీసరు గారు పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. మేడం మాత్రం వెనక ఆగిపోయి, గుట్టను వేలితో తట్టి చూసి, "నిజం చెప్పు, ఇందులో ఏం కలిపావు?" అని మెల్లగా అడిగింది. "ఏం కలపలేదు మేడం, గుట్టకే మొండితనం ఎక్కువ" అన్నాను. ఆమె నా చూపు ఎటుందో చూసింది. అటు పండుగ చొక్కా కనబడింది. నా భుజం మీద ఒకసారి చెయ్యేసి వెళ్లిపోయింది. దారిలో బాపు, "ఆఫీసరే నవ్విండంటె పాసైనట్టే" అన్నాడు. "అంత నీళ్లు పోసినా కదల్లే, చూసినవా? నువ్వు ఊకె రాలుతదంటివి."

నేను పాసు కాలేదు. ఆఫీసరు గారు నవ్వుకు మార్కులు వెయ్యలేదు. సోషల్ పోయింది, దాంతో ఆ క్లాసూ పోయింది. నేను బావ దుకాణంలో టైర్లు విప్పడానికి పోయాను. ఎందులో పోయిందిరా అని బాపు అడిగినప్పుడు నేను నోరు తెరిచేలోపే, అసలు సంగతి నా నోటి నుంచే విన్న అమ్మ పొయ్యి దగ్గర నుంచి "లెక్కలల్ల పోయిందంట" అంది. అంతే, ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. ఏ పాపం ఎరగని లెక్కల సారు బజారులో ఎదురైతే బాపు ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాడు. గుట్టను పారేస్తే బాపు బాధపడతాడని అమ్మే దాన్ని పెరట్లో నల్లా కిందికి దొర్లించి బట్టలుతికే బండ చేసింది. "ఎంత గట్టిగుందో చూడు" అని బాపు మురిసిపోయాడు.

నాకు దాంతో నష్టమేమీ కాలేదు లెండి. ఇప్పుడు ఆ చౌరస్తాలో దుకాణం నాదే. ఆలోచిస్తే నేను బతుకుతున్నదే క్రమక్షయం మీద. టైర్లు అరగకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. ఫ్యాను కూడా ఉంది, కుర్చీలో కూర్చునే తీరికే దొరకదు. మొన్నొక ఆదివారం, నల్లా చుక్కలు చుక్కలుగా కారుతోందని ఎన్నో ఏళ్లుగా పోరుతున్న అమ్మ కోసం వాషరు కొనుక్కుని జేబులో వేసుకుని పాత ఇంటికి పోయాను. బడిలో ఇప్పుడు అదే పాఠం చదువుతున్న నా బిడ్డ కూడా వెంట వచ్చింది. క్రమక్షయం ఫొటో తెమ్మన్నారట, మట్టిగుట్ట దగ్గరికి తీసుకపొమ్మని దారంతా నసపెట్టింది. పెరట్లోకి పోయిందల్లా అక్కడే కూలబడి, "డాడీ, ఇదేంది, గిది నది లెక్కనే ఉంది" అని పిలిచింది.

పోయి వంగి చూశాను. నల్లా చుక్క పడేచోట శిఖరం గుంట పడింది. ఆ గుంటలోంచి సన్నటి కాలువ వంకర్లు తిరుగుతూ దిగి, మధ్యలో బొగ్గు వరసను కోసుకుని, అమ్మ చేతులు రుద్ది రుద్ది నున్నగా చేసిన వాలు మీదుగా కిందికి పోయింది. అడుగున పిడికెడు ఇసుక విసనకర్రలా పరుచుకుని ఉంది. మేడం చెప్పిందంతా ఒక్కటీ పొల్లుపోకుండా అక్కడ ఉంది. నా బిడ్డ ఫోనులో ఫొటో తీసుకుంది. (తరువాత దానికి పూర్తి మార్కులొచ్చాయి. మా వంశంలో ఆ గుట్టకు పడ్డ మొదటి మార్కులవి.) సందడి విని బాపు కర్ర ఊతంగా పట్టుకుని వచ్చాడు. ముందు వేలి కణుపుతో తట్టి చెవి పెట్టి విన్నాడు. తరువాత కాలువలో వేలు పెట్టి పైనుంచి కిందిదాకా నెమ్మదిగా జరిపాడు.

"అరిగింది గదరా" అన్నాడు. వేలికంటిన ఇసుకను చొక్కాకు తుడుచుకుని, "ఇంకో గంపెడు సిమెంటు పడాల్సుండె" అన్నాడు.

"పడాల్సుండె బాపు" అన్నాను.

వంటింట్లోంచి అమ్మ, నల్లా ఎప్పుడు బాగుచేస్తవురా అని అడిగింది. "వాషరు దొరకలె అమ్మా, దుకాణం బందున్నది" అని, జేబులో చెయ్యి పెట్టి దాన్ని గట్టిగా పట్టుకున్నాను. చుక్క పడింది, ఆగి ఇంకోటి పడింది. ఆ ఆఫీసరు గారు ఇప్పుడు ఎక్కడున్నారో ఏమో. నా మాట విని ఆ రోజు జెర కూర్చుని ఉంటే బాగుండేది.