పెద్దగుంట ఫోన్ నంబరు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యలకు రోగపరీక్షలు చేసే ఒక చిన్న ల్యాబ్‌కు సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. రైతు శాంపిల్ ఇచ్చి వెళితే, ఫలితం ఫోన్‌కు మెసేజ్‌గా చేరాలి. అంతే పని.

డేటాబేస్ కట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏది తెలిస్తే ఏది తెలుస్తుంది? దీన్ని ఫంక్షనల్ డిపెండెన్సీ అంటాం. రైతు ఎవరో తెలిస్తే నంబరు తెలుస్తుంది. కాబట్టి నంబరు రైతుల టేబుల్‌లో ఒక్కచోటే ఉండాలి. అలా విడదీసి పెట్టడమే నార్మలైజేషన్. ఇదంతా నాకు తెలుసు. కానీ ఓనరు తొందరపెట్టాడు, నాకు ఓపిక లేకపోయింది. ఒకే టేబుల్ పెట్టి, ప్రతి శాంపిల్ వరుసలోనూ నంబరు ఉంచాను. కొత్త శాంపిల్ వస్తే, అదే గుంట పాత వరుస నుంచి నంబరు దానంతటదే దిగేలా చేశాను.

రమణమ్మకు రెండు రొయ్యల గుంటలు. ఫోన్ నీళ్లలో పడి నంబరు మారితే కౌంటర్లో చెప్పింది. అక్కడ పనిచేసే సుజాత, స్క్రీన్ మీద కనిపించిన చిన్నగుంట వరుసలో దిద్దింది. పెద్దగుంట వరుసల్లో పాత నంబరే మిగిలింది. కొన్నాళ్లకు పెద్దగుంటలో వైట్‌స్పాట్ వైరస్ తేలింది. వెంటనే రొయ్యలు పట్టేస్తే కొంతైనా దక్కేది. మెసేజ్ పనిచేయని నంబరుకు వెళ్లింది.

రమణమ్మ వచ్చి చచ్చిన రొయ్యల సంచి కౌంటరు మీద బోర్లించిన రోజు నేనక్కడే ఉన్నాను.

"మెసేజ్ రాకపోతే ఏం లేదనుకున్యా. నంబరు మారిందని నీకు చెప్పినా గదా పాపా!"

"మార్చినానక్కా, నా చేత్తోనే మార్చినా," అంది సుజాత.

ఓనరు నావైపు తిరిగాడు. "ఏంది సార్, మీ సాఫ్ట్‌వేర్ తప్పా, ఈ పిల్ల తప్పా?"

స్క్రీన్ చూడగానే తప్పు నా టేబుల్‌దేనని నాకు అర్థమైపోయింది. అయినా "ఎంట్రీలో పొరపాటండీ," అన్నాను.

"రేపట్నించి రాబాకమ్మా," అన్నాడు ఆయన సుజాతతో.

తర్వాత టేబుళ్లు విడదీశాను. రైతులు వేరు, గుంటలు వేరు, శాంపిళ్లు వేరు. పెద్ద కష్టమేమీ కాలేదు. అదే ఎక్కువ బాధించింది. ఓనరుకు నిజం చెప్పి, సుజాత ఇంటికి వెళ్లాను.

"ఆయన మళ్లీ రమ్మన్యాడు. నేనే పోలేదన్నా," అంది. "రమణమ్మక్కకి చెప్పినావా?"

"ఇంకా లేదు."

"ముందు ఆమె కాడికి పో. నాతో ఏం పని?"

రమణమ్మ ఎండిపోయిన పెద్దగుంట గట్టు మీద ఉంది. నేను చెప్పింది చివరిదాకా వింది. అరవలేదు.

"ఆ పిల్ల నా గుంట ముంచిందని కనపడినోళ్లందరికీ చెప్పినానే సామీ. ఇప్పుడేం జేసేది?"

తప్పు సుజాతది కాదు, నాదని చెబుతూ ఆమె వెంట ఇల్లిల్లూ తిరిగాను. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. ల్యాబ్‌లో ఇప్పుడు ఏ నంబరు మారినా ఒక్కచోట దిద్దితే చాలు. సుజాత గురించి నేనన్న ఒక్క మాట ఎన్ని ఇళ్లకు చేరిందో నాకింకా తెలియదు.