తలెత్తని సూర్యావతి

మరోదా అనే ఉక్కు కాలనీలో తమ క్వార్టరు డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టేటప్పుడు సూర్యావతి కుచ్చెళ్ళు ఎగదోపుకుని కూర్చుంటుంది. ప్లాంటు నుంచి ఎర్రధూళి లేస్తే కప్పడానికి పాతచీర పక్కనే ఉంటుంది. మైదానం అవతల కూతురు పద్మశ్రీ హెలికాప్టర్ నడపడం నేర్చుకుంటోంది. గాల్లో ఇంజను ఆగిపోతే ఎలా దిగాలో నేర్పడానికి గురువు పైన కావాలనే ఇంజను తగ్గించేస్తాడు. నేల దగ్గరపడ్డాక ఇంజను చప్పుడు మళ్ళీ లేస్తుంది. అది లేచేదాకా సూర్యావతి తల వంచుకుని వడియాలే పెడుతుంది. “ఏటి వదినా, కూతురు గాల్లోంచి దిగుతుంటే ఒక్కపాలైనా సూడవేటి?” అంటుంది పక్కింటి అచ్చమ్మ. “పిండి ఎండిపోద్ది,” అంటుంది ఈవిడ.

ఆ రోజు చప్పుడు తగ్గింది గానీ మళ్ళీ లేవలేదు. మైదానంలో ఏదో దబ్బున పడింది, అచ్చమ్మ కేక పెట్టింది. సూర్యావతి చేతిలో ఉన్న పిండిని వడియంగా పెట్టేసి, అప్పుడు లేచి పరిగెత్తింది. ఆసుపత్రిలో గురువు నడుం పట్టుకుని కూర్చున్నాడు. పద్మశ్రీ చేతికి కట్టు, కళ్ళనిండా వెలుగు. “మమ్మీ, ఈసారి ఇంజను సచ్‌ముచ్, నిజంగానే ఆగిపోయింది. తోక విరిగింది గానీ నేనే దించాను! నువ్వు చూశావా?”

“సూశానమ్మా. బాగా దింపావు.”

“అయితే కట్టు విప్పాక మళ్ళీ చూద్దువుగాని.”

సూర్యావతి తల వంచుకుని, గోళ్ళలో ఎండిన పిండి గిల్లుకోసాగింది.