పట్టపగలు వదిలిన నిర్మాల్యం

షికాగో పక్కన నేపర్‌విల్ తెలుగువాళ్లు నన్ను కనిపెట్టింది డెబ్బయ్యో దశకం చివర్లో, ఒక పచారీ కొట్లో. ఒకావిడ భర్తని చింతపండు దగ్గర నిలబెట్టి కడిగేస్తోంది. "గింజలున్నది పట్టుకొచ్చారేంటండీ? కళ్లు కార్‌లో పెట్టి వచ్చారా?" నేను వెనకనుంచి, "గింజ తీసింది కింది అరలో ఉందమ్మా" అన్నాను. ఇద్దరూ గోడ మాట్లాడినట్టు అదిరిపడ్డారు.

"మీరు అమెరికా ఎప్పుడొచ్చారండీ?" అన్నాడు భర్త. తను వచ్చి ఆరేళ్లయిందనీ, ఈ చుట్టుపక్కల తనే సీనియరనీ ముందే చెప్పేశాడు.

"యుద్ధంలో."

"వియత్నామా?"

"కాదు నాయనా, దానికి ముందుది. పెద్దది."

అక్కడితో నోరు మూసుకోవలసింది. కానీ ముప్పై ఏళ్లు షికాగో హోటలు వంటిళ్లలో ఉల్లిపాయలు తరిగి, తెలుగు మాట్లాడే మనిషి దొరక్క కుక్కతో మాట్లాడుకున్నవాణ్ణి. ఎదురుగా రెండు తెలుగు ముఖాలు నోళ్లు తెరుచుకుని నిలబడితే ఎవడు ఆగుతాడు?

మా తెలుగు సంఘం గురించి కొంచెం చెప్పాలి. అందులో డాక్టర్లు ఒక బల్ల, ఇంజనీర్లు ఒక బల్ల. డాక్టర్ల బల్ల మీద పులిహోర ముందు అయిపోతే ఇంజనీర్లకి వారం రోజులు నిద్ర పట్టదు. ప్రతి కుటుంబమూ నయాగరా వెళ్లొచ్చి అదే జలపాతం, అదే పసుపు రెయిన్‌కోట్లు స్లైడ్లేసి చూపించేవాళ్లు. చూసినవాళ్లందరూ, "అబ్బ, మీకు వ్యూ బాగా దొరికిందండీ" అనేవాళ్లు. ఇలాంటి జనానికి ఓ పురాతన వస్తువు అవసరం పడింది. నేను దొరికాను. ఏ ఆధారమూ లేకుండా నన్ను "ఈ దేశానికొచ్చిన తొలి తెలుగువాడు" అని తీర్మానించేశారు. ఏటా దసరాకి స్కూలు కేఫెటీరియా అద్దెకి తీసుకుని, స్టేజి ఎక్కించి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చేవాళ్లు.

మొదటి ఏడు నిజమే చెప్పాను. సరుకుల ఓడలో వంటవాణ్ణి, ఓడలు గుంపుగా అట్లాంటిక్ దాటేవి అని. జనం మర్యాదకి చప్పట్లు కొట్టి భోజనాల వైపు చూశారు. రెండో ఏడు వంటతో పాటు కాపలా కూడా కాశాను. ఈసారి భోజనాల వైపు ఎవరూ చూడలేదు. మూడో ఏడు ఓడ మీది ఫిరంగి నా చేతికొచ్చింది. నాలుగో ఏడు జర్మన్ జలాంతర్గామిని ఒక్క గుండుతో ముంచాను. మునుగుతూ దాని కెప్టెన్ నాకు సెల్యూట్ కొట్టాడు.

"ఎంత డిస్టెన్స్ నుంచి కొట్టారు అంకుల్?" అని లేచి అడిగాడు ఒక గుండె డాక్టరు. ఎనిమిదేళ్లు చదివిన మనిషి.

"ఇదుగో, ఈ కేఫెటీరియా అంత."

"వావ్," అన్నాడు.

ఇంతకీ నేను చూసింది చెబుతాను. నలభై ఓడలు వరసలు కట్టి, అన్నిటికన్నా ముసలి ఓడ ఎంత నడిస్తే అంతే నడుస్తాయి, కుంటి గేదెని ముందు పెట్టుకున్న మందలాగా. దీపాలుండవు. మంచు. ఎదురుగా ఇంకో ఓడ పిర్ర. రెండు వారాలు అదే పిర్ర. జలాంతర్గామిని నేను జన్మలో చూడలేదు. ఫిరంగిని తుడవడానికి కూడా నన్ను ముట్టనివ్వలేదు. నేను చూసిందల్లా, దొరలు నల్లవాళ్లనే మా నలభై మందికి వండే అన్నం డేగిసా.

నాలుగో ఏడు ఇంకో తెలివితక్కువ పని చేశాను. కథ రక్తి కట్టడానికి ఓడ పేరు చెప్పాను. అసలు పేరే.

సభ అయ్యాక పార్కింగ్ లాట్‌లో ముప్పై అయిదేళ్ల మనిషి ఒకడు నా దగ్గరికొచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు. శాలువా వైపు చూడకుండా నా ముఖంలోకే చూశాడు.

"అంకుల్, మాది భీమిలి. ఆ ఓడలో మా నాన్న సరంగు."

సరంగు అంటే మా నల్ల నావికుల ముఠాకి పెద్ద. మమ్మల్ని పనిలో పెట్టుకునేదీ, తిట్టేదీ, మా తరఫున దొరలకి జవాబు చెప్పేదీ ఆయనే.

"బతికే ఉన్నారా?" అన్నాను.

"డెబ్బై అయిదు. ఉప్పు మళ్ల దగ్గర వాచ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ ట్రిప్ తర్వాత మళ్లీ ఓడ ఎక్కనివ్వలేదు. పగటిపూట సముద్రంలో చెత్త పోశాడని ఆయన సర్వీసు పుస్తకంలో రాశారట. ఊళ్లో ఇప్పటికీ 'ఓడలు ముంచబోయినోడు' అంటారు. మా పెళ్లిళ్లప్పుడు కూడా అన్నారు. ఆయన మాకేం చెప్పడు. మీరక్కడ ఉన్నారు కదా. నాన్న నిజంగా పోశాడా?"

నేనేం చేశానో తెలుసా? ఇంకో కథ చెప్పాను. మీ నాన్న దేవుడు బాబూ, ఈదుకుంటూ వెళ్లి ముగ్గురు దొరల్ని కాపాడాడు, వాళ్లే అసూయతో రాశారు అని. నోట్లోంచి ఊడిపడింది. అలవాటు.

అతను వారం తిరక్కుండా కేసెట్ రికార్డర్‌తో మా ఇంటికొచ్చాడు. టేబుల్ మీద పెట్టి బటన్ నొక్కాడు. "నాకు చెప్పిందే ఆయనకీ చెప్పండంకుల్. టేపు భీమిలి పంపిస్తాను. ఆయన సంతోషిస్తాడు."

టేపు చక్రాలు తిరుగుతున్నాయి. కేఫెటీరియాకి ఏదైనా చెప్పొచ్చు. ఆ మనిషికి ఈత కథ ఎలా చెప్పను? ఆయన అక్కడ ఉన్నాడు!

"ఆపమంటారా?" అన్నాడు కొడుకు.

"వద్దు, తిరగనీ," అని, మంచినీళ్లు తాగి, చెప్పాను.

యుద్ధంలో ఓడలకొక నియమం. చెత్త ఏదైనా చీకటి పడ్డాకే సముద్రంలో వెయ్యాలి. పగలు వేస్తే నీళ్ల మీద తేలి, ఓడలు ఎటు వెళ్లాయో జలాంతర్గామికి దారి చూపిస్తుంది. సరే. దసరా వచ్చింది. మా వాళ్లు లంగరు గొలుసుకీ నా వంట కత్తికీ ఆయుధపూజ చేస్తామన్నారు. ఆఫ్రికా రేవులో కొన్న కొబ్బరికాయలు డజను నా బియ్యం బస్తాల్లో ఉన్నాయి. సరంగే కాయలు కొట్టాడు. కొబ్బరి నేను పచ్చడి చేశాను. చిప్పలు, పసుపు బియ్యం, హారతి బూడిద, అంతా ఒక బుట్టలో మిగిలింది. "నిర్మాల్యం చీకటి పడ్డాక వదలరా," అన్నాడు సరంగు.

మా ఇంట్లో పూజ నిర్మాల్యాన్ని అదే రోజు, తొక్కుడు పడకముందే పారే నీళ్లలో వదిలేవాళ్లం. చీకటి పడేదాకా ఉంచితే అది దొరల గొడ్డు ఎముకల డబ్బా పక్కనుండాలి. వాళ్ల నియమంలో ఉన్న మాట 'చెత్త'. నిర్మాల్యం చెత్తెలా అవుతుంది? పట్టపగలు, కళ్లకద్దుకుని మరీ వదిలాను.

ఇది చెప్పి టేపులో ఆగాను. వినడానికి ఎంత బాగుందో చూడండి. భక్తుడు, అమాయకుడు. అది కూడా సగమే, మిగతా సగమూ టేపుకి చెప్పాను. ఆ పొద్దున అన్నం మాడ్చానని సరంగు పదిమందిలో నా చెవి మెలిపెట్టాడు. ఇరవై మూడేళ్లవాణ్ణి, మీసమున్నవాణ్ణి. ఆయన వద్దన్నాడనే వదిలాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను.

డజను కాయలు, రెండు డజన్ల చిప్పలు. ఒక్కటీ మునగలేదు. నోళ్లు పైకి పెట్టుకుని, బారు తీరి, ఇంకో చిన్న ఓడల గుంపులాగా మా వెనక బయల్దేరాయి. వెనక ఓడ హెచ్చరిక జెండాలెగరేసింది. కాపలా యుద్ధనౌక పక్కకొచ్చి, గొట్టంలోంచి మా కెప్టెన్ని వీధిలో పిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టింది. ఆ మహానుభావుడు బీట్‌రూట్ ముఖంతో మమ్మల్ని వరసలో నిలబెట్టి, "ఎవడు?" అన్నాడు. నేను నా కాలి బొటనవేలు చూసుకున్నాను. సరంగు నావైపు ఒక్కసారి చూసి ముందుకెళ్లాడు. "నా మనుషులు, నా పూజ, నేనే," అన్నాడు.

జలాంతర్గామి ఏదీ రాలేదు. ఒక్క ఓడకీ ఏమీ కాలేదు. అంత పెద్ద సముద్రంలో మునిగింది ఆయనొక్కడే.

న్యూయార్కులో దిగాక పారిపోయాను. స్వేచ్ఛ కోసం పారిపోయానని స్టేజి మీద చెబుతుంటాను. ఆయన ముఖం చూడలేక పారిపోయాను. మనిషిని తప్పించాడని ఆ నేరమూ ఆయన పుస్తకంలోకే ఎక్కి ఉంటుంది.

కొడుకు బటన్ ఆపాడు. "కాఫీ తాగుతావా?" అన్నాను. "మీ చేత్తో వద్దు," అన్నాడు.

నెలన్నరకి జవాబు టేపు పట్టుకుని అతనే వచ్చాడు. ముందు దగ్గు, తర్వాత ఆయన గొంతు, ఏమీ మారలేదు.

"ఒరే వంటోడా. విన్నానురా. ఇందులో నాకు తెలవందేముంది? నా కళ్లెదురుగానే గదా బుట్ట ఎత్తింది. నాకు చెప్పి ఏం లాభం? గొప్పలు చెప్పుకున్న చోట చెప్పు."

మరుసటి దసరాకి స్టేజి ఎక్కాను. కొడుకు ముందు వరసలో రికార్డర్ పట్టుకుని కూర్చున్నాడు. మొత్తం చెప్పాను. ఫిరంగి అబద్ధమన్నాను, నవ్వారు. చిప్పలన్నాను, పొట్టలు పట్టుకుని నవ్వారు. పారిపోయానన్నాను, చప్పట్లు. సంఘం అధ్యక్షుడు మైకు లాక్కుని, "చూశారా ఎంత హంబులో! నిండు కుండ!" అని ఇంకో శాలువా కప్పాడు. గుండె డాక్టరు, "అంకుల్, లాస్ట్ ఇయర్ వెర్షన్ ఇంకా బావుంది," అన్నాడు. వీళ్ల చేతుల్లో రోగులెలా బతుకుతున్నారో నాకిప్పటికీ తెలీదు. అయితే వాళ్లకి ఆ చెవులు తయారుచేసింది నేనే. నాలుగేళ్లు కష్టపడి చేశాను.

"నవ్వులు కూడా రికార్డయ్యాయి అంకుల్," అన్నాడు కొడుకు.

"అలాగే పంపు."

ఈసారి భీమిలి నుంచి ఉత్తరమొచ్చింది, రెండే వాక్యాలు. మాట గాలిలో పోతుంది గాబట్టి కాగితం మీద రాసి సంతకం పెట్టమని, తమ వీధిలో చదివించుకుంటానని.

రాశాను. సరంగు వద్దన్నాడనీ, నేనే వదిలాననీ, నేను నోరెత్తలేదనీ. ఎన్నిసార్లు చింపానో చెప్పను. ప్రతిసారీ మూడో పంక్తికల్లా తుపానొకటి వచ్చేసేది, కొట్టేసేవాణ్ణి. చివరికి ఒక్క పేజీ మిగిలింది. రిజిస్టర్ పోస్టులో పంపాను.

కొన్ని వారాలకి కొడుకు ఫోన్ చేశాడు. ఊళ్లో టీ కొట్టు దగ్గర ఎవరో మాస్టారు మూడుసార్లు చదివారట. మూడోసారి అయ్యాక నాన్న టీ ఇంకోటి తెమ్మన్నాడట.

"ఇంకో కాపీ కావాలంటున్నాడంకుల్. మా మేనమామ ఆ రోజు ఊళ్లో లేడట. ఆ మాట ఎక్కువగా అన్నది ఆయనే."

"ఆఫీస్‌లో జిరాక్స్ ఉంది కదయ్యా, నా దగ్గరున్న చిత్తు ప్రతి తీసుకెళ్లు."

"చెప్పాను. జిరాక్స్ వద్దట. మీ చేత్తోనే రాయమన్నాడు."

ఇప్పటికి ఏడు రాశాను. పాత పెళ్లి సంబంధాల వాళ్లకొకటి, రేవు ఆఫీసులో మిగిలిన గుమాస్తాకొకటి, ఇంకా ఎవరెవరికో. ఒక్కోసారి పేర్ల జాబితా వస్తుంది, నేను కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటాను. తన బావమరిది కాపీలో మాత్రం, సరంగు అన్న ప్రతిచోటా పక్కన 'గారు' చేర్చమన్నాడు. చేర్చాను.