అడిగితేనే చూడమన్న రూలు

కొవిడ్ తగ్గిన మరుసటి ఏడు బహ్రెయిన్‌లో, జింజ్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రసూతి వార్డుకు నేను ఇన్‌చార్జి సిస్టర్‌ని. కాన్పుల వార్డుల్లో జాతి, దేశం చూడకుండా అందరికీ ఒకే వైద్యం అందాలని అప్పుడు ఒక చట్టం ముసాయిదా తయారవుతోంది. సలహా కమిటీలో నర్సుల తరఫున నన్ను వేశారు.

అందులో ఒక వాక్యం నాకు మింగుడుపడలేదు. బాలింత ఏ దేశస్థురాలైనా సరే, బాధగా ఉందని చెబితే వెంటనే డాక్టరు చూడాలట. చెప్పనివాళ్ళ సంగతేమిటని అడిగాను. కమిటీలోనే ఉన్న మా ఆసుపత్రి పరిపాలనాధికారి హైదరాబాదాయన. "అడగందే అమ్మయినా పెట్టదు కదా సిస్టర్" అని నవ్వారు. ఎంత వాదించినా ఆ వాక్యం మారలేదు.

ఆ వారమే సత్యవతి కాన్పుకు వచ్చింది. అమలాపురం వైపు మనిషి, హూరా పేటలో ఒకరింట్లో పని, భర్త డ్రైవరు. నొప్పులన్నీ పంటిబిగువున భరించింది. అరిస్తే నవ్విపోతారని మన ఆడవాళ్ళకు చిన్నప్పుడే నూరిపోస్తారు. ఆడపిల్ల పుట్టింది. పక్క మంచం ఆవిడ బంధువులు అస్తమానం బెల్లు కొడుతుంటే సిస్టర్లంతా అటే పరుగులు. సత్యవతి బెల్లు ముట్టుకోలేదు.

రక్తస్రావం ఎంతవుతోందో ప్యాడ్ చూసి అంచనా వేస్తాం. ఆమె ప్యాడ్ పెద్దగా తడవలేదని డ్యూటీ సిస్టర్ చెప్పింది. రౌండ్సులో నేను వెళ్ళి ఎలా ఉందమ్మా అంటే, "ఆయ్, బానే ఉందండి" అంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. నాడి పరుగెడుతోంది. పొత్తికడుపు మీద చెయ్యి వేశాను. కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకుని గట్టిగా తగలాలి. పిండిముద్దలా మెత్తగా తగిలింది. దుప్పటి ఎత్తాను.

ఇంటి నుంచి తెచ్చుకున్న పాత నూలు చీర ముక్కలు మడతలు పెట్టి వాడుతోంది. తడిసినవన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో కుక్కి, సిస్టర్ వచ్చే వేళకు ఆసుపత్రి ప్యాడ్ పెట్టుకుంటోంది. కవరు నిండా నెత్తురే. ఇన్నేళ్ళ సర్వీసులో అలాంటిది చూడలేదు. ఇదేం పనమ్మా అని అరిచాను.

"తెల్ల దుప్పట్లు కదండీ... పాడైతే మా మేడంగారికి చెప్పేస్తారని" అంది.

డాక్టరును పిలిచాం. గర్భసంచిని మర్దన చేస్తూనే ఇంజెక్షన్లిచ్చాం, రక్తం ఎక్కించాం. బతికింది.

తరువాతి సమావేశంలో జరిగింది జరిగినట్టు చెప్పాను. పరిపాలనాధికారి ముఖంలో నెత్తుటిచుక్క లేదు. బాలింత చెప్పినా చెప్పకపోయినా నర్సు పొట్ట మీద చెయ్యి వేసి చూడాలని వాక్యం మార్చారు. నేను రిటైరయ్యేనాటికి ఆ ముసాయిదా చట్టం కాలేదు. మా వార్డులో మాత్రం అదే రూలు.

అడిగే హక్కు అందరికీ సమానంగా ఇచ్చి చేతులు దులుపుకుంటే, అడగడానికి భయపడే మనిషి ఆ హక్కు ఉండగానే చచ్చిపోతుంది.